జెండా బండి మీద డోలు

ఉపవాసాలు మొదలుకాక ముందు చర్చి పెళ్ళిళ్ళకు ఒప్పుకునే చివరి ఆదివారం నాడు, వ్రేలో గ్రామం నుండి బుకోవిక్ కొండ మీది పెళ్ళికూతురి ఇంటికి బయలుదేరిన ఊరేగింపులో ఉన్నవారు, ఉన్న వరుసలో, వీరు. మొదటి బండిలో జెండాదారు రాదెంకో, అతని పక్కన పెళ్ళిపెద్దగా నేను, వెనక సీటులో తన పెద్ద డోలుతో సహా గ్వోజ్దెన్. రెండవ బండిలో వరుడి చిన్నాన్న విదోసావ్. మూడవ బండిలో వరుడు ఓగ్న్యెన్, అతని పక్కన చర్చిలో సాక్షిగా నిలబడవలసిన కూమ్. ఆ వెనక బంధువులు, వారి వెనక మిత్రులు, అందరికీ చివర వ్యానులో బాకాల బృందం. గ్వోజ్దెన్ తన బృందంతో కాక మాతో ఎందుకున్నాడంటే, అతని డోలుకు ఆ వ్యానులో చోటు చాలలేదు. ఈ వరుసను ఖరారు చేసినవాడిని నేనే. వరుడి మేనమామ పెళ్ళిపెద్ద కావడం మా ప్రాంతపు నియమం. వరుసను నిర్ణయించడం పెళ్ళిపెద్ద అధికారం.

వరుస విషయంలో ఇంత పట్టింపుకు కారణం ఉంది. పెళ్ళికూతురి గడప వరకు జెండా బండిని మరే బండీ దాటరాదు. జెండా బండి దారిలో కదలలేక నిలిచిపోతే, దాన్ని ఎవరూ తోయరాదు, తాడు కట్టి లాగరాదు. వెనక ఉన్నవాడు దిగి వచ్చి జెండా అందుకుంటాడు, ముందుకు సాగుతాడు. అలా చేయి మారిన జెండా ఆ ఇంట్లో మళ్ళీ పాత చేతికి ఎన్నడూ రాదు. పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం అతని మనవల పెళ్ళిళ్ళలో కూడా పేరు పెట్టి గుర్తుచేస్తారు.

రాదెంకో నా మేనకోడలి భర్త, ఇల్లరికపు అల్లుడు. మా కొండల్లో ఇల్లరికపు అల్లుడి పరిస్థితి ఏమిటో చెప్పనక్కరలేదు. ఇంట్లో అన్ని పనులూ అతనివే, ఏ మాటా అతనిది కాదు. అటువంటివాడి చేతికి అతని అత్తగారు, అంటే వరుడి తల్లి అయిన నా చెల్లెలు, జెండా ఇచ్చింది. అతని జీవితంలో ఆ ఇంటి తరఫున అతను ముందు నడవబోయే మొదటి సందర్భం అది. ఆ జెండా తనకే వస్తుందని కొత్త బూట్లు కూడా కొనుక్కున్న విదోసావ్ ఈ నిర్ణయాన్ని చిరునవ్వుతో స్వీకరించాడు. ఆ చిరునవ్వు నాకు నచ్చలేదు.

"అల్లుడూ, నీ బండి స్విట్జర్లాండులో పుట్టిందటగా? బురదంటే ఏమిటో దానికి ఎవరైనా చెప్పారా?" అని బయలుదేరేటప్పుడే అన్నాడు.

"చెప్పాను చిన్నమామయ్యా. మీ ఫోటో కూడా చూపించాను," అన్నాడు రాదెంకో.

"నవ్వు, నవ్వు. నేను నీ వెనకాలే ఉంటా. మా జీపుకు నాలుగు చక్రాలూ లాగుతాయి, బుర్ర మాత్రం లేదు. బుర్ర లేకపోబట్టే కొండ ఎక్కుతుంది."

ఆ మాటలో విదోసావ్ ఊహించినదానికన్నా ఎక్కువ నిజం ఉందని ఆ పూట తెలిసింది.

పాఠశాల దగ్గర తారు రోడ్డు ముగిసింది. అక్కడి నుండి పెళ్ళికూతురి ఇంటి వరకు మట్టిదారి. దాని మీద వారం రోజుల మంచు, పై పొర కరిగి, కింది పొర కరగక, జావలా తయారై ఉంది. రాదెంకో బండి ఆపకుండానే గేరు కర్ర పక్కన ఉన్న ఒక మీటను వేలితో నొక్కాడు. ఆ మీట మీద బండి బొమ్మ, దాని కింద పాము పాకినట్లు రెండు గీతలు ఉన్నాయి. స్టీరింగు వెనక అదే బొమ్మతో పసుపు దీపం ఒకటి వెలిగి, నిలకడగా ఉండిపోయింది.

"అదేమిటి?" అని అడిగాను.

"ట్రాక్షన్ కంట్రోల్ మామయ్యా. దాన్ని పడుకోబెట్టాను."

"అది చేసే పని?"

"అత్తగారు చేసే పనే."

"ఆమె నా చెల్లెలు."

"అందుకే మీకు తొందరగా అర్థమవుతుంది. చూడండి, ప్రతి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో అది కనిపెట్టి చూస్తూ ఉంటుంది. లాగే చక్రం మిగతావాటికన్నా జోరుగా తిరిగిందనుకోండి, 'వీడు జారుతున్నాడు' అనుకుంటుంది. వెంటనే ఇంజను గొంతు నొక్కేస్తుంది, ఆ చక్రానికి బ్రేకు పట్టించేస్తుంది. తారు రోడ్డు మీద పల్చటి మంచున్నప్పుడు దేవతే, కాదనను. పోయిన ఏడు లోయలో పడకుండా నన్ను కాపాడింది అదే. కానీ ఇలాంటి జావలో చక్రం కాసేపు ఊరికే తిరగాలి మామయ్యా. తిరిగి, తవ్వుకుని, అడుగునున్న గట్టి నేల పట్టుకోవాలి. అది తిరగనివ్వదే! అడుగు వెయ్యబోతే 'జారతావు నాయనా' అని గరిట లాక్కుంటుంది."

"గరిటకూ చక్రానికీ సంబంధం లేదు," అన్నాను.

"మా ఇంట్లో ఉంది," అని వెనక నుండి గ్వోజ్దెన్ అన్నాడు. అతనూ ఇల్లరికపు అల్లుడే, పక్క ఊరిలో. ఆ విషయం తెలిసే ఇద్దరినీ ఒకే బండిలో కూర్చోబెట్టానని విదోసావ్ ఊరంతా చెప్పుకున్నాడు. నేను డోలు వెడల్పును బట్టి కూర్చోబెట్టానే తప్ప, దాని యజమాని సంసారాన్ని బట్టి కాదు.

బండి నిక్షేపంగా ఎక్కింది. ముందు చక్రాలు రెండు పక్కలా జావను ఎగజిమ్మాయి, కిటికీలోంచి జెండా రెపరెపలాడింది, రాదెంకో ఈల వేశాడు. అంతలో మొదటి తాడు వచ్చింది.

బుకోవిక్ వారు దారికి అడ్డంగా తాడు పట్టి పెళ్ళివారిని ఆపుతారు. ఆపడం అన్ని ఊళ్ళలో ఉన్నదే. బుకోవిక్ వారి ప్రత్యేకత మరొకటి. వెనకటి కాలంలో జెండాదారు గుర్రం దిగి, కళ్ళెం వదిలి, టోపీ తీసి దీవెన అందుకునేవాడు. గుర్రాలు పోయి బండ్లు వచ్చాక ఆ ఊరి పెద్దలు కూర్చుని, ఇంజను ఆపడమే కళ్ళెం వదలడమని తీర్మానించారు. ఇంజను మోగుతుండగా అందుకున్న దీవెన వారి లెక్కలో దీవెన కాదు. కనుక జెండాదారు ఇంజను ఆపాలి, తాళంచెవి పైకెత్తి చూపాలి, రాకియా అనే పళ్ళసారా గ్లాసు అందుకుని తాగాలి. నడిపేవాడు తాగడం చట్టవిరుద్ధం కాబట్టి, అతని బదులు పెళ్ళిపెద్ద తాగవచ్చునని నేను కొన్నేళ్ళ క్రితమే వారిని ఒప్పించాను. ఆ ఒప్పందపు భారం నా మీద ఎంత పడుతుందో అప్పుడు ఆలోచించలేదు. ఇంగ్లండులో న్యాయశాస్త్రం చదివి జడ్జిలైన వారిలో రేగుపళ్ళ రాకియాను విధి నిర్వహణలో భాగంగా తాగినవాడు నేనొక్కడినే కావచ్చు.

ఇంజను ఆగింది. తాళంచెవి పైకి లేచింది. దీవెన పూర్తయింది. నేను గ్లాసు ఖాళీ చేశాను. తాడు దించారు. రాదెంకో ఎక్కి ఇంజను పెట్టాడు. బండి నాలుగు బారలు సాగి, మూలిగి, నిలబడిపోయింది.

అతను తొక్కుతున్నాడు, ఇంజను మాత్రం ఊపిరితిత్తులు లేనివాడిలా గొణుగుతోంది. పసుపు దీపం ఇందాకటి నిలకడ మాని, రెప్పలు కొడుతోంది.

వెనక జీపు హారన్ మోగింది. "అల్లుడూ! జెండా బరువుగా ఉందా? నాకిస్తే మోస్తా!"

"ఇందాక నొక్కాను కదా! పడుకుంది కదా!" అని రాదెంకో మీట వైపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగాడు. "గ్వోజ్దెన్, నీ డోలు ముందుకొచ్చి మీటకు తగిలిందా?"

"నా డోలు నా ఒళ్ళోనే ఉంది."

"నీ ఒడి ఇటు దాకా ఉంది మరి!"

అతను మీట మళ్ళీ నొక్కాడు. దీపం నిలకడగా వెలిగింది. కొంచెం వెనక్కి వచ్చి తొక్కేసరికి చక్రాలు గిరగిర తిరిగి, జావను తవ్వి, అడుగున ఏదో దొరికించుకుని, బండి ఒక్క ఉదుటున బయటపడింది. గ్వోజ్దెన్‌ను డోలుతో సహా వెనక తలుపుకు అతుక్కుని కూర్చోమని రాదెంకో ఆజ్ఞాపించాడు. అతను అలాగే కూర్చున్నాడు. అయినా ఇంజను ఆపి రెండవ తాడు దగ్గర దీవెన అందుకుని, నేను రెండవ గ్లాసు ముగించి, మళ్ళీ బయలుదేరిన మరుక్షణం బండి అదే విధంగా మూలిగి ఆగింది. దీపం అదే విధంగా కన్నుకొట్టింది.

"దిష్టి!" అన్నాడు రాదెంకో. ముఖాన చెమట. "ఎవరో ఏదో చేశారు. చిన్నమామయ్యే చేయించాడు. మామయ్యా, ఈసారి మీ మోకాలు గానీ—"

"నా మోకాలు నలభై ఏళ్ళు న్యాయపీఠం కింద క్రమశిక్షణగా ఉంది," అన్నాను. "దిష్టి సంగతి తర్వాత చూద్దాం. ముందు నేనడిగేవాటికి సమాధానం చెప్పు. మొదటి తాడు దగ్గర నువ్వు చేసిన పనులు వరుసగా చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఆపాను. దిగాను. టోపీ తీశాను. తాళంచెవి చూపించాను. మీరు తాగారు. ఎక్కాను."

"ఏది ఆపావు?"

"బండి."

"బండి మాత్రమేనా?"

"ఇంజను కూడా."

"రెండవ తాడు దగ్గర?"

"అదే. మీరు కాస్త నెమ్మదిగా తాగారు, అంతే తేడా."

"పాఠశాల దగ్గర మీట నొక్కిన తర్వాత మొదటి తాడు వరకు ఇంజను ఎక్కడైనా ఆపావా?"

"లేదు."

"ఆ మధ్యలో మీట మాట తప్పిందా?"

"లేదు..." అని అతను సాగదీశాడు. నోరు అలాగే తెరుచుకుని ఉంది. "ఓరి దేవుడా."

"కాబట్టి నేరం డోలుదీ కాదు, మోకాలిదీ కాదు. ఇంజను ఆపినప్పుడల్లా ఆ యంత్రం నువ్వు చెప్పిన మాట మరచిపోతోంది. మళ్ళీ పెట్టగానే కాపలాకు లేచి కూర్చుంటోంది. తయారు చేసినవారు కావాలనే అలా చేసి ఉండాలి. మీట నొక్కి పడుకోబెట్టినవాడు మర్నాడు ఆ సంగతి మరచి, తారు రోడ్డు మీద జారి చావకుండా."

"అచ్చం అత్తగారే!" అని రాదెంకో ఆనందంతో అరిచాడు. "రాత్రంతా బతిమాలి ఒప్పించి పడుకుంటానా, తెల్లారి లేచేసరికి మళ్ళీ మొదటికే!"

"ఆమె నా చెల్లెలని నీకు మరోసారి గుర్తుచేస్తున్నాను."

"ఇన్నాళ్ళూ తెలీదు మామయ్యా! కొండ ఎక్కేటప్పుడు నొక్కడం, ఇంటికెళ్ళి ఆపెయ్యడం. దార్లో ఇన్నిసార్లు ఆపిందెప్పుడు? ఇంక చూస్కోండి!" అంటూ, కనిపెట్టిన సంతోషమంతా పిడికిలిలోకి తెచ్చుకుని, మీటను ఒక్క గుద్దు గుద్దాడు.

దీపం నిలకడగా వెలిగింది. అదే క్షణంలో లోపల ఏదో టక్కుమంది. మీట ఉన్న చోట చదరపు రంధ్రం మిగిలింది; ఆ రంధ్రం అడుగున గులకరాయిలాంటిదేదో దొర్లి, ఎక్కడికో వెళ్ళిపోయింది. రాదెంకో అందులో నా కలం పెట్టి పొడిచాడు. తర్వాత తన భార్య జడపిన్నుతో పొడిచాడు. దీపం చలించలేదు, ఆరలేదు.

నేను తేల్చినది ఇది: ఆ యంత్రం ఇప్పుడు పడుకుని ఉంది. ఇంజను ఆగనంత సేపూ పడుకునే ఉంటుంది. ఒకసారి ఇంజను ఆపితే లేస్తుంది. లేచాక మళ్ళీ పడుకోబెట్టే సాధనం మన దగ్గర లేదు. ఇంకా ఒక తాడు ఉంది. అది పెళ్ళికూతురి తాత వెలిసావ్‌ది. ఆ తాడు దాటగానే ఇంటి వరకూ దారి పొడవునా నిటారు మెట్ట.

"అంటే ఇంజను ఆపితే జెండా పోయినట్టే," అన్నాడు రాదెంకో. ఈసారి గొంతులో ఆట లేదు.

"ఆపకపోతే దీవెన పోతుంది. దీవెన పోతే తాడు దించరు," అన్నాను.

సరిగ్గా అప్పుడు విదోసావ్ కిటికీలోంచి తల దూర్చాడు. కొత్త బూట్లు తడవకుండా అడుగులో అడుగేసుకుంటూ వచ్చి ఉన్నాడు. "ఏంటి సంగతి? ఆ కన్నమేంటి?"

"మీట సిగ్గుపడి లోపలికెళ్ళిపోయింది," అన్నాడు గ్వోజ్దెన్.

విదోసావ్ రంధ్రాన్నీ దీపాన్నీ రాదెంకో ముఖాన్నీ మార్చిమార్చి చూశాడు. అతనికి మీట కథ తెలియకపోయినా, ఎదుటివాడి భయాన్ని పసిగట్టడం తెలుసు. "అల్లుడూ, పై తాడు దగ్గర ఇంజను ఆపుతావుగా? ముసలాయన చాలా పట్టింపు మనిషి. నేను కూడా పక్కనే నిలబడి చూస్తాలే," అని బుజ్జగించి, ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

"మామయ్యా," అన్నాడు రాదెంకో, "నా బండికి తాళంచెవి కన్నంలో పెట్టేది కాదు. జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కితే ఇంజను పెడుతుంది. చెవి చేత్తో పైకెత్తి చూపిస్తా, ఇంజను లోపల దాని పాటికి అది నడుస్తుంటుంది. మీరు మాత్రం—"

"నేను అబద్ధం చెప్పను."

"అబద్ధం చెప్పమనడంలేదు. నోరు తెరవద్దంటున్నా."

"అడిగితే తెరవవలసి వస్తుంది."

"ముసలాయనకి చెవుడు. ఇంజను వినబడదు. అడగడు."

"ఆయనకి చెవుడైతే ఊరందరికీ చెవుడా? పక్కన మీ చిన్నమామయ్య ఉంటాడు," అన్నాను.

వెనక సీటులో గ్వోజ్దెన్ డోలు మీద అరచేత్తో మెల్లగా ఒక దెబ్బ వేశాడు. బండి అద్దాలు గిలగిల్లాడాయి. "ఊరి చెవుల సంగతి నాకొదిలెయ్యండి," అన్నాడు.

వెలిసావ్ తాత మెట్ట మొదట్లో, తాడు ఒక కొస నడుముకు చుట్టుకుని, రెండవ కొస రేగుచెట్టుకు కట్టి నిలబడి ఉన్నాడు. ఆయన వెనక బుకోవిక్ బంధువులు. పైన గడప, గడప దగ్గర ఆడవాళ్ళు. రాదెంకో బండి ఆపి, చేతి బ్రేకు లాగి, దిగాడు. తలుపు తెరవగానే, ఇంజను నడుస్తుండగా తాళంచెవి బయటికి పోతోందని బండి కీచుకీచుమంటూ ఫిర్యాదు మొదలుపెట్టింది. ఆ కీచు రెండవసారి వినపడక ముందే డోలు మోగింది.

గ్వోజ్దెన్ ఎప్పుడు దిగాడో నేను చూడలేదు. చూసేసరికి బండి ముందు మూత మీద తన కోటు పరిచి, దాని మీద డోలు ఆనించి, ఒక చేతిలో లావు కర్ర, మరో చేతిలో సన్న బెత్తంతో పెళ్ళిదరువు ఎత్తుకున్నాడు. కోటు ఎందుకంటే, రంగు గీసుకుపోకుండా. అది అతని మర్యాద. చివర వ్యానులోని బాకాలవాళ్ళు సంగతి తెలియకపోయినా, డోలు వినగానే దిగి వచ్చి అందుకున్నారు. ఇంజను శబ్దం సంగతి అటుంచి, నా ఆలోచనలే నాకు వినపడలేదు. పొగ విషయంలో మాత్రం మేమెవరమూ ముందుగా ఆలోచించలేదు. ఆ సాయం అయాచితంగా విదోసావ్ జీపు చేసింది. మా వెనక ఆనుకుని నిలబడి, అది మొత్తం లోయకు సరిపడా పొగ వదులుతుంటే, మా బండి తోకనుండి వచ్చే కాస్త ఆవిరిని ఎవరు విడదీసి చూడగలరు?

రాదెంకో టోపీ తీసి, తాళంచెవి పైకెత్తాడు.

తాత దాన్ని కళ్ళు చికిలించి చూశాడు. "ఇదేంట్రా, పళ్ళు లేవు?"

"కొత్త రకం తాతా!" అని రాదెంకో ఆయన చెవిలో అరిచాడు.

"నాకూ లేవు. నేనేం కొత్త రకమా?" బంధువులు నవ్వారు. తాత దీవెన మొదలుపెట్టాడు. ఆ దీవెనలో దేవుడు, సకల మునులు, వానలు, గొర్రెలు, పుట్టబోయే మనవలు, చనిపోయిన బావమరుదులు, వారిలో ఒకడి అప్పటి జ్వరం కూడా వచ్చాయి. గ్వోజ్దెన్ చెమటలు కక్కుతూ వాయిస్తున్నాడు. దీవెనకు అంతం కనపడలేదు. నేను గ్లాసు పట్టుకుని నిటారుగా నిలబడ్డాను.

విదోసావ్ తాత పక్కకు చేరాడు. "తాతా! ఇంజను ఆగిందో లేదో చూసుకున్నావా?"

"ఏంటి?"

"ఇంజను! ఇంజను!"

తాత మాట ఆపి, నెమ్మదిగా బండి దగ్గరకు వచ్చి, తన పెద్ద అరచేతిని ముందు మూత మీద వేశాడు. చెవిటివాడు వినే పద్ధతి అది. పొలంలో తన ట్రాక్టరును కూడా ఆయన అలాగే వింటాడు. రాదెంకో ముఖం జెండాలోని తెల్లచారలా అయింది. అయితే ఆ మూత మీద డోలు ఉంది. దెబ్బ దెబ్బకూ రేకు దడదడలాడుతోంది. తాత చేతికి తెలిసేది డోలే.

ఆయన చేయి తీయకుండానే నా వైపు తిరిగాడు. "జడ్జిగారూ, మీరు నిజం మనిషి. మీరు చెప్పండి. ఇంజను చప్పుడు విన్నారా?"

అడగడని మేమనుకున్న ప్రశ్ననే ఆయన అడిగాడు. నేను గ్లాసు దించి, ఉన్నది ఉన్నట్లు చెప్పాను. "నిలబడ్డప్పటి నుండి నా చెవికి డోలు తప్ప మరేదీ వినపడలేదు."

తాత తల పంకించాడు. అప్పుడు గ్వోజ్దెన్ సంతోషం పట్టలేక, లావు కర్రతో ఒక దెబ్బ అవసరానికి మించి వేశాడు. డోలు చర్మం ఈ చివర నుండి ఆ చివర వరకు పర్రున చిరిగింది. డోలు ఆగేసరికి అలవాటు కొద్దీ బాకాలూ ఆగాయి.

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో స్విట్జర్లాండు ఇంజను గురగుర చక్కగా, మర్యాదగా, అందరికీ వినపడింది. తలుపు దగ్గర కీచు కూడా వినపడింది. తాతకు రెండూ వినపడలేదు. కాని ఆయన చేయి ఇంకా మూత మీదే ఉంది.

"వణుకుతోందే," అన్నాడు.

చినిగిన డోలులోంచి కర్ర పైకి లాగుతూ గ్వోజ్దెన్ ఆయన చెవి దగ్గరకు వంగాడు.

"చలి తాతా! దానిక్కూడా చలేస్తుంది!"

"వింటున్నారా అందరూ! ఇంజను మోగుతోంది!" అని విదోసావ్ రెండు చేతులూ ఎత్తాడు. "ఆచారం తప్పింది! దీవెన చెల్లదు! అల్లుడూ, జెండా ఇటు తే!"

"విదోసావ్," అన్నాను, "అభ్యంతరం చెప్పే హక్కు తాడు పట్టినవారిది. నీ చేతిలో తాడు లేదు."

"కానీ బావగారూ, మీ చెవులారా—"

"నన్నడిగింది డోలు మోగుతుండగా. నేను చెప్పిందీ డోలు మోగుతుండగానే. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు."

అందరూ తాత వైపు చూశారు. ఆయన మూత మీద అరచేతితో, గుర్రం మెడను తట్టినట్లు, రెండుసార్లు తట్టాడు. ఆయన పెదవి మెలిపడింది.

"నా పెళ్ళికి మా బావమరిది జెండా పట్టాడు. వాడిది పెంకి గుర్రం. కళ్ళెం వదిలితే ఇంటికి పరిగెత్తేది. వాడేం చేశాడు? దిగాడు, టోపీ తీశాడు, రెండు చేతులూ పైకెత్తి ఊరందరికీ చూపించాడు. కళ్ళెం మాత్రం బూటు మడమకి కట్టుకున్నాడు. తాడు పట్టిన మా మామ చూశాడు. చూసి ఏమన్నాడో తెలుసా?" తాత నడుము తాడు విప్పసాగాడు. "'చలేస్తుంది, తొందరగా లోపలికి రండి' అన్నాడు."

తాడు నేల మీద పడింది. నేను మూడవ గ్లాసు ముగించాను. ఆ పూట తాగిన మూడింటిలో అదే బాగుంది.

రాదెంకో, నేను, చిరిగిన డోలుతో గ్వోజ్దెన్ ఎక్కాము. పసుపు దీపం నిలకడగా, మౌనంగా వెలుగుతోంది. రాదెంకో సిలువ గుర్తు వేసుకుని, చేతి బ్రేకు వదిలి, తొక్కాడు. ముందు చక్రాలు ఎవరూ గొంతు నొక్కని స్వేచ్ఛతో గిర్రున తిరిగాయి. అవి తవ్వి తీసిన మంచు, బురద, నిరుడు రాలిన రేగుచెట్టు ఆకులతో సహా రెండు పాయలుగా వెనక్కి ఎగిరాయి. చక్రాలు నిజంగా కదులుతున్నాయో లేదో దగ్గరగా చూడడానికి విదోసావ్ వంగి నిలబడిన చోటు ఎడమ పాయకు సరిగ్గా ఎదురుగా ఉంది. ఈ విషయంలో ఎవరి దురుద్దేశమూ లేదని నేను హామీ ఇవ్వగలను. రాదెంకో తరఫున మాత్రం ఇవ్వలేను.

బండి ఒకసారి పక్కకు ఒరిగింది, ఒకసారి నిలబడబోయి మనసు మార్చుకుంది, అడుగున నేల దొరికించుకుంది, ఎక్కింది. గడప ముందు ఆగేసరికి పైనున్న ఆడవాళ్ళు కేకలు పెట్టారు. పెళ్ళికూతురు నెవేనా కిటికీ తెరిచి, జెండా కర్రకు తువ్వాలు కడుతూ, "రాదెంకో బావా, ఇంకా ఇంజను ఆపలేదేం?" అని అడిగింది.

"ఆపుతానమ్మా," అన్నాడు. "ఇంక ఎప్పుడైనా ఆపుకోవచ్చు." ఆపాడు. దిగి, జెండాను రెండు చేతులతో పట్టుకుని గడప దాటాడు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర విదోసావ్, ఒక చెవిలో ఇంకా రేగుచెట్టు ఆకు ఉండగానే, "జెండా అల్లుడా, ఆ ఉప్పు ఇటివ్వు," అన్నాడు. ఇల్లరికపు అల్లుడా అనలేదు. నా చెల్లెలు అది విని, గరిట రాదెంకో చేతికే ఇచ్చి కూర్చుంది. మరుసటి రోజు పొద్దున తిరిగి తీసుకుందని విన్నాను.

చివరిగా, పెళ్ళిపెద్ద హోదాలో నేను చెప్పవలసినది ఒకటి మిగిలింది. పెళ్ళికూతురి ఇంటి గడప వరకు జెండా మొదటి చేతిలోనే చేరడానికి, మూడవ తాడు దగ్గర తన డోలును బండి మూత మీద పెట్టి, దాన్ని చినిగేవరకు వాయించిన గ్వోజ్దెన్ కారణమని, ఆ డోలు పెళ్ళివారి సేవలో చినిగిందని, కొత్త చర్మం వేయించే బాధ్యత వరుడి ఇంటిదని నేను ధ్రువీకరిస్తున్నాను. బండికి చలి వేస్తుందని అతను చెప్పిన మాట ప్రమాణం చేయించి తీసుకున్న సాక్ష్యం కాదు కనుక, దాని మీద ఈ పెళ్ళిపెద్ద ఏ అభిప్రాయమూ వ్యక్తం చేయడం లేదు. ఊరేగింపులో ఉన్న అందరి తరఫున, ఉన్న వరుసలోనే, గ్వోజ్దెన్‌కు కృతజ్ఞతలు.